ఇంజిన్‌కి వాసెన

అమ్మ తెనాలి నుంచి కాలిఫోర్నియా వచ్చిన మర్నాడే గరాజ్ తలుపెత్తి నా హాట్ రాడ్ చూపించాను. బానెట్ లేదు, మడ్‌గార్డులు లేవు.

"పాపం, ఇంకా పూర్తి కాలేదా నాన్నా?" అంది.

పూర్తయితేనే అలా ఉంటుంది. 1930లలో ఇక్కడి కుర్రాళ్ళు పాత ఫోర్డులకి అడ్డమనిపించిందల్లా ఊడబీకి, మ్యూరాక్ అనే ఎండుచెరువులో పందేలు వేసుకున్నారు. నాదీ ఆ వంశమే. ఒళ్ళు 1932 ఫోర్డు, గుండె షెవర్లె 350. ఆ గుండె కింద రోజూ గిద్దెడు నూనె మడుగు.

కారేది ఆయిల్ పాన్ అని తేల్చాను. ఇంజిన్ అడుగున నూనె నిలవుండే రేకు తొట్టె అది. నూనె దింపి బోల్టులన్నీ విప్పినా ఊడిరాలేదు. పైన క్రాంక్‌షాఫ్ట్ అడ్డం. దాన్ని కాస్త తిప్పి, జాకీతో ఇంజిన్ రెండంగుళాలు లేపేసరికి వచ్చింది, తిన్నగా నా మొహం మీదికి, మిగిలిన నూనెతో సహా.

అడుగున వేలెడు మందాన నల్ల మడ్డి. అమ్మ కుచ్చెళ్ళు దోపింది. "పాన్ ఏమిట్రా, బూరెల మూకుడు గాని!" కిరోసిన్‌లో నానబెట్టి, చెక్కతో గీకి, శనగపిండి చల్లి, పీచుతో తోమింది.

"అత్తయ్యా, ఆ శనగపిండి బజ్జీలకి తెచ్చింది!" అని మా ఆవిడ గుమ్మంలోంచి.

గంటలో మొహం చూసుకునేలా తయారైంది. చూసుకున్నాను. నా ముక్కు మీదుగా సన్నటి చీలిక. ఇన్నేళ్ళూ ఆ మడ్డే దానికి మాటు!

కొత్తది కొనబోతే, ఇంజిన్ ఏ ఏడాదిదన్నాడు కొట్టువాడు. 1932 అన్నాను ధీమాగా. వాడు మర్యాదస్తుడు, దగ్గి ఊరుకున్నాడు. ఈ ఇంజిన్లకి జాతకం తప్పనిసరి. 1975లో ముందు సీలు మందం మారింది. 1980లో ఆయిల్ చూసే పుల్ల ఎడమ నుంచి కుడికి వెళ్ళింది. 1986లో వెనక సీలు ఒక్క ముక్కైంది. ఇంజిన్ వెనక పోతలో ఉన్న తేదీని అద్దం పెట్టి చదివితే 1978 అని తేలింది. నాకంటే ఏడాది పెద్ద.

కొత్త పాన్‌కీ ఇంజిన్‌కీ మధ్య కార్కు గాస్కెట్ పెట్టి, నా బలమంతా చూపించి బిగించాను. నాలుక చాపినట్టు పక్కనుంచి బయటికొచ్చింది. ఇంకోటి కొన్నాను.

"ఆవకాయ జాడీకి వాసెన కట్టడం ఎప్పుడూ చూళ్ళేదుట్రా? ఒక పక్కే లాగితే రెండో పక్క వదులవుతుంది. ఇటోటి, అటోటి. అన్నీ ఆనాక, మళ్ళీ కొంచెం కొంచెం."

అలాగే కట్టాను, అంటే బిగించాను. ఐదు క్వార్టుల నూనె పోశాను. తెల్లారి చూస్తే నేల పొడిగా ఉంది.

పాత పాన్ పారేయబోతే అమ్మ లాక్కుంది. "కింద కన్నం కూడా ఉంది, నీళ్ళు నిలవవు" అని మట్టి నింపి పుదీనా నాటింది. దివ్యంగా పెరుగుతోంది.

"పచ్చడి చేస్తాను గాని, ముందు మీరు తినండి" అంటోంది మా ఆవిడ.