గాలికి పుట్టిన కళ్లజోడు

నేను కళ్లజోడును. చూపు ఆనని వాళ్లు పెట్టుకునే రకం కాదు, బండి నడిపేవాళ్ల కోసం చేసిన రకం. నా అద్దానికి రంగు ఉండదు, అంచులు కణతల దాకా వంగి ఉంటాయి. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా రోడ్డు పక్కన అమ్మే చోట వరసగా వేలాడే నల్లద్దాల మధ్య నాలాంటిది వెతికితే గానీ దొరకదు. కళ్లజోడంటే ఎండ కోసం అన్న నమ్మకం ఈ ప్రాంతంలో అంత గట్టిగా నాటుకుపోయింది. నన్ను కొన్నవాళ్లు కూడా పొద్దు గూకగానే తీసి జేబులో పెడతారు, మబ్బు పట్టిన రోజు ఇంట్లోనే వదిలేస్తారు. పైకప్పు లేని బండి మీద కూర్చున్న మనిషి కంటికి మొదటి శత్రువు ఎండ కాదు, గాలి. ఆ గాలి పగలూ రాత్రీ ఉంటుంది, బండి కదిలిన ప్రతిసారీ పుడుతుంది. ఈ ఒక్క మాట నమ్మించాలనే నా కథ చెప్పుకుంటున్నాను.

నా వంశం మోటారు బండితో పాటే పెరిగింది. 1900 ప్రాంతంలో కార్లకు పైకప్పు ఉండేది కాదు, చాలావాటికి ముందు అద్దమూ లేదు. మట్టిరోడ్ల మీద వాటిని నడిపినవాళ్లు గాగుల్స్ కట్టుకునే బయల్దేరేవారు. అప్పట్లో అవి అలంకారం కాదు, స్టీరింగ్ ఎంత అవసరమో అవీ అంతే. తర్వాత ముందు అద్దం వచ్చింది, కప్పు వచ్చింది, కారులో కూర్చున్నవాళ్లకు మా అవసరం తీరిపోయింది. అందులో తప్పేమీ లేదు. కానీ ట్రాక్టర్ మీద రైతుకు, మోటార్ సైకిల్ మీద ఉద్యోగికి, టాప్ తీసేసిన జీపు డ్రైవరుకు ఆ రక్షణ ఇంకా రాలేదు. వాళ్ల ముఖానికి కొట్టే గాలి ఆనాటిదే, వేగం మాత్రం పెరిగింది. నా అద్దం మాత్రం అప్పటి గాజు కాదు, పాలీకార్బొనేట్. 1953లో జర్మనీలో బాయర్ కంపెనీలో హెర్మన్ ష్నెల్ తయారు చేసిన పదార్థమిది. గాజులా పగిలి ముక్కలు కంట్లో గుచ్చుకోవు. రంగు లేకపోయినా అతినీలలోహిత కిరణాలను దాదాపు పూర్తిగా ఆపుతుంది. నా పుట్టుక గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

ఈ ప్రాంతపు గాలిలో ఏముందో చూస్తే నా వాదన ఇంకా స్పష్టమవుతుంది. కరీంనగర్ చుట్టూ గ్రానైట్ క్వారీలున్నాయి. టాన్ బ్రౌన్ రాయి ఇక్కడి నుంచే దేశదేశాలకు వెళ్తుంది. దిమ్మెలు మోసే లారీల వెనక లేచే దుమ్ములో క్వార్ట్జ్ రేణువులుంటాయి. క్వార్ట్జ్ ఇనుప కత్తి కన్నా గట్టిది. రామగుండం వైపు రాజీవ్ రహదారి మీద విద్యుత్ కేంద్రం బూడిద మోసే టిప్పర్లు ఎదురైతే ఆ బూడిద పొడి కంటికి కనిపించనంత సన్నగా ఉంటుంది. వరికోతల కాలంలో రోడ్ల మీదే వడ్లు ఆరబోస్తారు, ముందు పోయే బండి చక్రం తాలును, పొట్టును లేపి వెనక వచ్చేవాడి ముఖాన కొడుతుంది. ఆదిలాబాద్ మార్కెట్‌కు పత్తి వచ్చే రోజుల్లో నూగు గాలిలో తేలుతుంది. ఇవేవీ లేని చోట కూడా గాలి ఒక్కటే చాలు. చలికాలంలో ఆదిలాబాద్‌లో తెల్లవారుజామున ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి పడిపోతుంది. ఆ వేళకు పాలక్యాన్లు కట్టుకుని టౌనుకు పోయేవాళ్లు, సింగరేణి బొగ్గు గనుల్లో మొదటి షిఫ్టుకు పోయే కార్మికులు బండ్ల మీదే ఉంటారు. పొడిబారిన చల్లగాలి కంటి మీది నీటిపొరను ఆరబెట్టేస్తుంది, దానికి జవాబుగా కన్ను ధారగా నీళ్లు కారుస్తుంది, ఆ నీళ్లలో రోడ్డు మసకబారుతుంది. అప్పటికి సూర్యుడు ఇంకా ఉదయించి ఉండడు. ఎండకే కళ్లజోడు అనుకునేవాళ్ల లెక్కలో ఈ మనుషులు ఎక్కడా లేరు.

నలుసు పడితే ఏముంది, ఒక క్షణం కన్ను మూసి తెరిస్తే సరిపోతుంది కదా అంటారు. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు దూసుకుపోతుంది. ఒక కంట్లో నలుసు పడినా మంటకు రెండు కళ్లూ మూతపడతాయి, చెయ్యి దానంతటదే హ్యాండిల్ వదిలి ముఖం మీదికి పోతుంది. రెండు సెకన్లు పోయాయంటే బండి 33 మీటర్లు చూపు లేకుండా, ఒంటిచేత్తో నడిచినట్టే. కంటికి తగిలిన దెబ్బ అక్కడితో ఆగినా అదృష్టమే. నల్లగుడ్డు మీది పారదర్శక పొర సుమారు అర మిల్లీమీటరు మందం, దానిలో రక్తనాళాలు లేవు. వడ్ల పొట్టు, ఆకు ముక్క లాంటివి దాన్ని గీస్తే బూజు జాతి సూక్ష్మజీవులు లోపలికి చేరి పుండు పడుతుంది. పల్లెల్లో చూపు పోవడానికి ఇదొక ముఖ్య కారణం. ఆ దశలో కన్ను నలపడం, ఆముదమో ఆకు పసరో వేయడం, మెడికల్ షాపులో అడిగి స్టీరాయిడ్ చుక్కలు తెచ్చి వేసుకోవడం పుండును ఇంకా లోతుకు తీసుకెళ్తాయి. శుభ్రమైన నీళ్లతో కడిగి, నలుసు పోకపోతే కంటి డాక్టరు దగ్గరికే పోవాలి. ముథోల్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ల గ్రామీణ కేంద్రం 1996లోనే వచ్చింది. పెద్ద పట్నం దాకా పోతే గానీ వైద్యం దొరకని రోజులు పోయాయి.

జీపుకు ముందు అద్దం ఉంది కదా అన్నది నేను తరచూ వినే మరో అభ్యంతరం. కప్పు లేని బండిలో ఆ అద్దం సగం పనే చేస్తుంది. దాని మీదుగా దూకిన గాలి వెనక ఏర్పడిన ఖాళీలోకి సుడి తిరిగి, సీట్ల వెనక నుంచి మళ్లీ ముఖం వైపే వస్తుంది. జన్నారం దగ్గర కవ్వాల్ అడవిలో మట్టిదారి మీద సఫారీ జీపు ఎక్కినవాళ్లకు ఇది తెలిసే ఉంటుంది, ఎదురు దుమ్ము కన్నా సొంత చక్రాల దుమ్మే ఎక్కువ తింటారు. నా అంచులు కణతల దాకా వంగి ఉండేది ఈ సుడిగాలి కోసమే. ఇక హెల్మెట్ గురించి నిజాయితీగా చెప్పాలి. ముఖాన్నంతా కప్పే హెల్మెట్ పెట్టుకుని, గీతలు లేని దాని ముందు అద్దాన్ని కిందికి దించి నడిపేవాళ్లకు నాతో పని లేదు. కానీ ఉక్కపోతకు ఆ అద్దాన్ని పైకెత్తి పోయేవాళ్లు, ముందు అద్దమే లేని టోపీలాంటి హెల్మెట్‌తో తిరిగేవాళ్లు ఎంతమందో ఏ రోడ్డు మీదైనా కనిపిస్తారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్‌లో తలకు రక్షణ కోరింది, కంటికి విడిగా ఏమీ కోరలేదు. చట్టం అడగనిదాన్ని కూడా మనిషి తన కంటి కోసం చేసుకోవాలి.

నల్లద్దాలున్నాయి కదా, నువ్వెందుకు అంటే దానికి గట్టి జవాబే ఉంది. మామూలు చలువ అద్దాలు వాటి మీద పడిన వెలుతురులో నూటికి ఎనిమిది నుంచి పద్దెనిమిది వంతులే లోపలికి పంపుతాయి. నడిఎండకు అవి మంచివే, నేను కాదనను. మసక వేళ అవే కళ్లకు గంతలవుతాయి. అడవిదారిలో ఎండలోంచి చెట్ల నీడలోకి దూరిన క్షణాన అడ్డొచ్చిన పశువు కనిపించదు. పైగా అతినీలలోహిత కిరణాలను ఆపని చవక నల్లద్దం ఇంకా కీడు, చీకటి చూసి కంటిపాప పెద్దదవుతుంది, ఆ కిరణాలు లోపలికి మరింతగా పోతాయి. చూపు కోసం పెట్టుకున్న జోడు ఎలాగూ ఉందనేవాళ్లకూ ఒక మాట. 2018లో మొదలైన కంటి వెలుగు పథకం ఎంతోమందికి అద్దాలిచ్చింది, అవి చదవడానికీ చూడడానికీ చేసినవి. పక్కల నుంచి గాలి ఆగదు. వాటి మీదుగా పెట్టుకునే వెడల్పు రకాలు మాలో ఉన్నాయి. ఆవిరి పట్టి మసకబారుతున్నామన్న ఫిర్యాదు మాత్రం నిజమే. చలి ఉదయాల్లో, ముక్కు మీదుగా రుమాలు కట్టినప్పుడు ఊపిరి పైకి వచ్చి మమ్మల్ని కమ్మేస్తుంది. రుమాలును కాస్త కిందికి దించి, ముక్కు దగ్గర బిగిస్తే చాలావరకు తగ్గుతుంది. అయినా తగ్గకపోతే బండి ఆపి తుడుచుకోవాలే గానీ నడుస్తూ తీయకూడదు.

నా అసలు బాధ మమ్మల్ని తుడిచే తీరు. దుమ్ములో పది కిలోమీటర్లు వచ్చి, బండి దిగి, అంగీ కొసతోనో తువ్వాలతోనో అద్దాన్ని గుండ్రంగా రుద్దుతారు. అద్దం మీద అప్పుడు క్వారీ దుమ్ము ఉంటుంది. ఆ గట్టి రేణువులను మెత్తని పాలీకార్బొనేట్ మీద అదిమి తిప్పితే వెంట్రుకంత సన్నని గీతలు సున్నాలు సున్నాలుగా పడతాయి. పగలు అవి కనిపించవు. రాత్రి ఎదురుగా లారీ లైటు పడ్డప్పుడు ప్రతి గీతా వెలిగి, అద్దమంతా తెల్లని పొగలా మారుతుంది, ఆ వెలుగు అంచున నడిచే మనిషి కనిపించడు. ఆ తర్వాత తప్పు నాదని నన్ను విసిరేస్తారు. ముందు నీళ్లు పోసి దుమ్ము పోనిచ్చి, సబ్బు చుక్కతో వేళ్లతో కడిగి, మెత్తని నూలు గుడ్డతో అద్దితే నేను చాలా కాలం ఉంటాను. అంతకన్నా హీనం, ట్రాక్టర్ టూల్‌బాక్సులో పానాల మధ్య పడేయడం, మే నెల ఎండలో జీపు ముందు అద్దం కింద బోర్లా వదిలేయడం. ఫ్రేము వంగి కణత దగ్గర సందు పడితే, ఏ గాలిని ఆపడానికి పుట్టానో ఆ గాలే అక్కడి నుంచి లోపలికొస్తుంది. నుదుటి మీదికి ఎత్తిపెట్టుకుని అరవైలో పోయేవాళ్లను చూస్తే నాకు ఏడుపొస్తుంది. కంటికి రెండంగుళాల పైన ఉన్నాను, ఏమీ చేయలేను.

అద్దమంతా గీతలు పడి రాత్రి చూపుకు అడ్డమైతే నన్ను పారేయడమే సరైన పని. అలాంటి జోడు ఉండడం కన్నా లేకపోవడం మేలు, కొత్తది కొనుక్కోవాలి. అందుకు నాకు నొప్పి లేదు. చెవికాడ ఊడిన చిన్న స్క్రూ కోసం, ముక్కు దగ్గర అరిగిన రబ్బరు కోసం నన్ను చెత్తలో వేస్తేనే బాధ. ఆ స్క్రూను ఏ కళ్లద్దాల దుకాణంలోనైనా కూర్చునేలోపే బిగించి ఇస్తారు. దుకాణానికి పోయేదాకా తాడు కట్టుకుని పెట్టుకున్నా నేను నా పని చేస్తాను.