బొగ్గు మాది, బంతి మీది

ఫుట్‌బాల్ క్లబ్బు కొనాలంటే చమురు బావులుండాలని అంటారు. మనకు బొగ్గు బాయిలు చాలు. 2025 డిసెంబరు 13న ఉప్పల్ స్టేడియంలో మెస్సీ వచ్చిన ఆటలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి జట్టు పేరు 'సింగరేణి ఆర్‌ఆర్‌-9'. ఇంటిపేరు కార్మికుల చెమటది, పొడి అక్షరాలు ముఖ్యమంత్రివి! బొగ్గు తవ్వే ప్రభుత్వ సంస్థ సింగరేణి ఆ ఆటకు రూ.10 కోట్లు పెట్టిందని ప్రతిపక్షాల ఆరోపణ. ప్రచారం కోసమే అనుకుందాం. కానీ రామగుండం ఎన్టీపీసీ మెస్సీని చూసి బొగ్గు కొంటుందా?

సంస్థలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం. నైట్‌షిఫ్ట్ దిగి వచ్చి టీవీలో మెస్సీని చూసే ఖని కార్మికుడి వాటా? చప్పట్లు.

ప్రైవేటు యజమానులైతే మేలంటారా? హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఐఎస్ఎల్ గెలిచింది. చేతులు మారింది. జిందాల్ గ్రూపు 2025లో దాన్ని ఢిల్లీకి తీసుకెళ్లి 'స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ' చేసేసింది. కోచ్ రహీం సాబ్‌ను దేశానికిచ్చిన నగరం, ఆయన జట్టు గెలిచిన 1962 ఆసియా క్రీడల స్వర్ణాన్ని తలచుకుంటూ కూర్చుంది. అభిమానికి మిగిలింది పాత జెర్సీ. అదీ సొంత డబ్బుతో కొన్నదే.

సింగరేణి పెద్దలకు ఒక మనవి. ఉప్పల్‌లో ఒక్క సాయంత్రానికైన ఖర్చు, గోదావరిఖని పిల్లల ఫుట్‌బాల్‌కు ఏడాదంతా అయిన ఖర్చు, రెండూ పక్కపక్కన రాసి ప్రతి బాయి మీద నోటీసు బోర్డుకు అంటించండి. మస్టర్ పడేటప్పుడు చదువుకుంటాం.