షాకప్పు పద్యానికి గురులఘు వ్యాఖ్య

అవతారిక

విజయవాడ ఆటోనగర్‌లో నేను బండి బాగు చేయించుకునే షెడ్డులో గోడ మేకుకు ఒక బాకీల పుస్తకం వేలాడుతుంటుంది. ముందు పుటల నిండా బాకీలు, వెనక పుటల్లో పద్యాలు. ఎవరు రాశారయ్యా అని అడిగితే, "నాకు ముందు ఇక్కడ పనిచేసినాయనండీ. బాకీలు వసూలు కాక పద్యాలు మొదలెట్టాడు" అన్నాడు మెకానిక్కు. కవి పేరు తెలియదు, కాలం తెలియదు. గ్రీజు వేలిముద్రలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. అందులో ఒక పద్యానికి వ్యాఖ్య రాయక తప్పని స్థితి నాకు ఏర్పడింది. ఆ స్థితి పేరు 108 కిలోలు.

బండి కొన్ననాడు నేను 82. మధ్యలో జరిగినదానికి టీక అక్కర్లేదు. స్పీడు బ్రేకరు ఎక్కి దిగినప్పుడల్లా వెనక ఠంగుమని ఒక చప్పుడు, దాని వెంటే నా నడుములోంచి ఇంకొకటి. మా ఆవిడ కూడా ఎక్కితే వెనక భాగం చతికిలబడి, రాత్రిపూట హెడ్‌లైటు రోడ్డును వదిలేసి కొబ్బరి మొవ్వుల్ని చూపించేది. "ఏవండీ, చెట్లు బాగానే కనిపిస్తున్నాయి గానీ రోడ్డేదండీ?" అని ఆవిడ అడిగిన మర్నాడు షెడ్డుకు వెళ్ళాను. అక్కడ వంతు కోసం కూర్చుని పుస్తకం తిరగేస్తుంటే ఇది కనబడింది.

మూలం

బరువు గలవాడు కూర్చుండ బండి కుంగు
పానతో స్ప్రింగు బిగియింప బలము రాదు
తనువు తూకమ్ము మోసెడి దండి స్ప్రింగు
నూనెతో కూడ మార్చిన నొప్పి లేదు

ప్రతిపదార్థం

బరువు గలవాడు = నేను; కూర్చుండ = కూర్చొనగా; బండి = మోటారు సైకిలు; కుంగు = అణగును. ఇది తద్ధర్మార్థక క్రియ గనుక నిన్నా కుంగింది, రేపూ కుంగుతుందని గ్రహించాలి. పానతో = షాకప్పు మెడలోని గాళ్ళలో తగిలించి తిప్పే హుక్కు పానాతో. పానా అన్న మాటకు చివరి దీర్ఘం ఛందస్సు ఒరిపిడికి అరిగిపోయింది. పానాలు అరగడం లోకసిద్ధమే. స్ప్రింగు = చుట్టతీగను; బిగియింప = బిగించినంత మాత్రాన; బలము రాదు = బలము రాదు. ఇంతకన్నా తేలికగా చెప్పడం నా తరం కాదు. తనువు తూకమ్ము = ఒంటి బరువును, అనగా హెల్మెట్టు, బూట్లు, జేబులో తాళాల గుత్తితో సహా తూచినదానిని; మోసెడి = భరించునట్టి; దండి స్ప్రింగు = గట్టి స్ప్రింగును; నూనెతో కూడ = లోపలి ఆయిలుతో పాటు; మార్చిన = మార్చినచో; నొప్పి లేదు = నడుము నొప్పి యుండదు.

తాత్పర్యం

లావుపాటివాడు బండెక్కితే షాకప్పులు కుంగుతాయి. పానా పెట్టి పై మెట్టుకు బిగించినందువల్ల స్ప్రింగుకు కొత్త బలం రాదు. ఒంటి బరువుకు సరిపడే స్ప్రింగు వేసి, దానికి తగ్గట్టు నూనె కట్టడి కూడా మార్చుకోవాలి.

విశేషాలు

పద్యం తేటగీతి. ఛందస్సులో బరువైన అక్షరం గురువు, తేలికది లఘువు. షెడ్డులోకి అడుగుపెట్టగానే మెకానిక్కు నన్ను "రండి గురువుగారూ" అన్నాడు. పాండిత్యాన్ని చూసి అన్నాడనుకుని మురిశాను. తర్వాత షాకప్పుల వంక చూసి నిట్టూర్చాడు. సంయుక్తాక్షరం ముందున్న అక్షరం గురువవుతుందని కదా సూత్రం. కాని మూడో పాదంలో "దండి స్ప్రింగు" అన్నచోట, వెనక సీట్లో సకార పకార రేఫలు మూడూ ఒక్కసారే ఎక్కి కూర్చున్నా, "డి" తన లఘుత్వాన్ని వదల్లేదు. వేరు మాట గనుక ఆ బరువు తనకు తగలదని లాక్షణికులంటారు. నేను మాత్రం దండి స్ప్రింగు మహిమ అంటాను.

"షాకప్పు" అన్న మాట మూలంలో లేదు, అయినా చర్చించాలి. షాకు, అప్పు అని పదవిభాగం, ఉకార సంధి. గతుకు ఇచ్చిన షాకును స్ప్రింగు అప్పుగా పుచ్చుకుంటుంది. మింగి కూర్చోదు, తిరిగి ఇస్తుంది. ఒక్క విడతలో ఇస్తే కూర్చున్నవాడు సీటు మీంచి లేస్తాడు. లోపలున్న నూనె సన్నటి రంధ్రాల గుండా దూరుతూ ఆ అప్పును వాయిదాల మీద తీర్పిస్తుంది, కొంత వేడిగా మార్చి మాఫీ కూడా చేస్తుంది. స్ప్రింగు బరువు మోస్తుంది, నూనె ఊపు ఆపుతుంది. ఈ రెండు పనులూ వేరని తెలియని షెడ్లలోనే డబ్బులు దండగవుతాయి.

ఇక పద్యానికి ఆయువుపట్టు "బలము రాదు" అన్న మాట. లోకంలో పదిమందిని అడగండి, తొమ్మిదిమంది "షాకప్పులు టైటు చేయించు" అంటారు. పానా తిప్పితే స్ప్రింగు కింది పళ్ళెం ఒక మెట్టు ఎక్కి, స్ప్రింగును ముందే కాస్త నొక్కి ఉంచుతుంది. దీన్ని ప్రీలోడు అంటారు. పొట్టివాణ్ణి పీట మీద నిలబెట్టడం లాంటిది ఇది. పీటెక్కినవాడు ఎత్తుగా కనిపిస్తాడు గాని, బస్తా మోయమంటే పాత బలంతోనే మోస్తాడు. బండి కూడా అంతే, ఎత్తుగా నిలుస్తుంది. మోసే బలం అదే. ఒక మిల్లీమీటరు అణగడానికి ఎంత బరువు కావాలన్నది తీగ మందాన్ని బట్టి, చుట్ట వ్యాసాన్ని బట్టి, చుట్ల సంఖ్యను బట్టి ఉంటుంది. పానాకు ఆ మూడింటి మీదా అధికారం లేదు.

దీనికి మూలసూత్రం లండన్‌లో పుట్టింది. రాబర్ట్ హుక్ అనే ఆయన 1676లో తన స్ప్రింగు సూత్రాన్ని తీసుకుని, అందులోని 14 లాటిన్ అక్షరాలనూ అకారాది వరసలో కలగాపులగం చేసి అచ్చు వేయించాడు. ఇంకొకడు కాజేస్తాడన్న భయం. రెండేళ్ళ తర్వాత, 1678లో, ముడి తనే విప్పాడు. ఎంత లాగితే అంత ఎదురుబలం అన్నదే దాని భావం. వ్యాఖ్యాత లేకుండా ఎవరికీ అర్థం కాకుండా రాసి, వ్యాఖ్యా తనే రాసుకున్న ఈ మహానుభావుడి మీద నాకు వృత్తిపరంగా కొంచెం అసూయ.

శబ్ద ప్రమాణం అయింది. ప్రత్యక్ష ప్రమాణానికి టేపు కావాలి. మెకానిక్కు నా చేతికే టేపిచ్చాడు. బండిని డబుల్ స్టాండు వేసి, వెనక చక్రం గాలిలో ఉండగా, ఇరుసు మధ్య నుంచి నిట్టనిలువునా సీటు అంచున సుద్దముక్కతో గీసిన గీత దాకా కొలిచాం: 600 మిల్లీమీటర్లు. స్టాండు తీసి నేల మీద నిలబెడితే 588. నేనెక్కి కూర్చుంటే 548. చక్రం ఆడే మొత్తం దూరం 100. అంటే నేను ఊరికే కూర్చున్నందుకే 52 ఖర్చు. మూడో వంతు అటూ ఇటూ కుంగితే బండికి ఆరోగ్యం. సగం దాటాక గతుక్కి మిగిలేది తక్కువ. ఠంగుమనే చప్పుడు ఆ తక్కువది.

"పానా ఇప్పుడు చూడండి" అని ఐదు మెట్లూ ఎక్కించేశాడు. మళ్ళీ కొలత: నేల మీద 598, నేనెక్కాక 558. కుంగు 42కు దిగింది. నేను సంతోషించబోతుంటే అతను సుద్దతో నేల మీద రెండు తీసివేతలు వేశాడు. ముందు: 588లోంచి 548 పోతే 40. ఇప్పుడు: 598లోంచి 558 పోతే 40. నా బరువుకు స్ప్రింగు ముందూ 40 లొంగింది, ఐదు మెట్లు ఎక్కాకా 40 లొంగింది. కవి "రాదు" అన్నది ఈ 40నే. పద్యం రాసినాయన ఈ తీసివేత వేసే ఉంటాడు. వేయనివాడు అంత నిక్కచ్చిగా రాయలేడు.

ఇందులో ఇంకొక గూఢార్థం ఉంది. పానా పూర్తిగా బిగించాక ఖాళీ బండి తన సొంత బరువుకు 2 మిల్లీమీటర్లే కుంగుతోంది. చూసినవాళ్ళు "అబ్బో, ఎంత గట్టి స్ప్రింగో" అనుకుంటారు. నిజానికి అది మెత్తటి స్ప్రింగు లక్షణం. మనిషిని మోయడం చేతకాక ముందుగానే బిర్ర బిగుసుకుని ఉంది. అలాంటప్పుడు చక్రం గుంతలోకి దిగి రోడ్డును పట్టుకోవడానికి కింద చోటు ఉండదు, గుంత దగ్గర గాలిలో తేలిపోతుంది. గట్టి స్ప్రింగైతే ఖాళీగా కాస్త కుంగుతుంది, మనిషెక్కితే మరికాస్తే కుంగుతుంది. బింకానికీ బలానికీ ఉన్న ఈ తేడా మా బంధువుల్లో కొందరి దగ్గర కూడా గమనించాను.

పాఠాంతర విచారం

నాలుగో పాదానికి ఎదురు వరస షెడ్డులో వేరే పాఠం వినిపిస్తుంది: "నూనె చిక్కగా పోసిన నొప్పి లేదు". గణాలు సరిపోయాయి, యతి సరిపోయింది, ఖర్చు కూడా తక్కువ. అయినా ఇది ప్రక్షిప్తమని నా నిర్ణయం. ముందు ఫోర్కుల్లో పల్చటి 10డబ్ల్యూ ఆయిలు తీసేసి 20డబ్ల్యూ పోయమని ఈ పాఠం వారి ఉపదేశం. నూనె అడ్డుకునేది వేగాన్ని. బరువును కాదు. కదలకుండా కూర్చున్నవాణ్ణి నూనె ఒక్క గ్రాము కూడా మోయదు. చిక్కటి నూనెతో స్ప్రింగు అణగడం నెమ్మదిస్తుంది, లేవడం కూడా నెమ్మదిస్తుంది. వరసగా గతుకులున్న రోడ్డు మీద మొదటి గతుక్కి అణిగినది లేచేలోపు రెండోది వస్తుంది, ఆ తర్వాత మూడోది. నాలుగైదు గతుకులయ్యేసరికి ఫోర్కు అడుగున కూర్చుని, చేతులకు రోకటిపోటు.

కాబట్టి "నూనెతో కూడ" అన్నదే సరైన పాఠం. ఆ "కూడ" పాదపూరణ కోసం పడింది కాదు. దండి స్ప్రింగు మోయడంలో ఎంత దండిదో, తిరిగి తన్నడంలోనూ అంతే దండిది. తన్నే తీరుకు తగ్గ కట్టడి లేకుంటే ప్రతి స్పీడు బ్రేకరు తర్వాతా బండి రెండు మూడు సార్లు తల ఊపుతుంది. ఫోర్కుల్లో స్ప్రింగుతో పాటు నూనె కట్టడినీ పెట్టి అమ్మకానికి తెచ్చిన మొదటి బండి 1935లో వచ్చిన బి.ఎం.డబ్ల్యూ. ఆర్12. స్ప్రింగొక్కటే చాలదని అప్పటికే తెలుసన్నమాట.

ఫోర్కులు విప్పవచ్చు. లోపలి స్ప్రింగులు మార్చి, కొలత ప్రకారం ఆయిలు పోసి, సీళ్ళు వేసి మూసేయవచ్చు. నా ఫోర్కుల్లోంచి వచ్చిన పాత ఆయిలు బియ్యం కడుగునీళ్ళలా ఉంది, వాసన మాత్రం చేపల బజారుది. వెనక షాకప్పులు చాలా బండ్లకు మూతబిగించి పంపినవే. అక్కడ స్ప్రింగుకూ కట్టడికీ జోడీ కుదిర్చిన కొత్త జత కొనడమే దారి. నాకు అమ్మినాయన ముందుగా బరువు అడిగాడు. 95 అన్నాను. అతను నా వంక చూశాడు. 108 అన్నాను. మీ బరువెంత అని అడగని కొట్లో షాకప్పులు కొనవద్దు, అడిగిన కొట్లో అబద్ధం చెప్పవద్దు.

శంక

అయ్యా, స్ప్రింగు మార్చే బదులు బరువే తగ్గరాదా? మా ఆవిడ లేవదీసిన పూర్వపక్షం ఇది.

సమాధానం

కవి "బరువు గలవాడు" అన్నాడే గాని "బరువు పెరిగినవాడు" అనలేదు. గలవాడంటే కలిగినవాడు. ధనం గలవాడు, గుణం గలవాడు లాంటి ప్రయోగం. పద్యంలో నింద లేనప్పుడు వ్యాఖ్యాత తెచ్చిపెట్టకూడదు. రేపు నేను నిజంగానే 85కు దిగితే ఈ స్ప్రింగు గట్టిదైపోయి ఎత్తేస్తుంది కదా అని కూడా అడగవచ్చు. ఆ భయం మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఒక్క సంగతి మాత్రం మూలంలో లేకపోయినా చెప్పాలి. దండి స్ప్రింగు వేసినంత మాత్రాన బండి మోయగల మొత్తం బరువు పెరగదు. చట్రం, బ్రేకులు, టైర్లు పాతవే. టైరు పక్కన 62 అని ఉంటే అది 265 కిలోలకు మించి మోయదు, మన షాకప్పులు ఎంతటివైనా సరే.

ఫలశ్రుతి

కొత్త జత బిగించాక మళ్ళీ టేపు పట్టాం. ఖాళీ బండి కుంగు 6, నేనెక్కాక 35. తీసివేత 29. పాత 40కి ఇప్పుడు 29, అంటే స్ప్రింగు దాదాపు 1.38 రెట్లు గట్టిది. పానా రెండో మెట్టు మీదే ఉంది, మిగతా మూడూ మా ఆవిడ కోసం. ఆ రాత్రి హెడ్‌లైటు రోడ్డు మీదే పడింది. ఆవిడ కొబ్బరిచెట్ల గురించి ఏమీ అనలేదు, రోడ్డు మీది గుంతల గురించి అంది.

తర్వాతి పద్యం సైడు స్టాండును గురించినది. ఆ పుట మీద ఆయిలు ఒలికి మూడు పాదాలు పోయాయి. నాలుగో పాదంలో "చెక్కముక్క" అన్న మాటొక్కటే చదవడానికి వీలుగా ఉంది. కొత్త షాకప్పులు పాతవాటికన్నా వేలెడు మందం పొడవు కావడంతో సైడు స్టాండు పొట్టిదైపోయి, బండి గోడకు ఆనినట్టు వాలుతోంది. రోజూ పొద్దున్నే స్టాండు కింద పెట్టే చెక్కముక్క కోసం వెతుకుతున్నాను. మా పనిమనిషి దాన్ని వాకిలి తలుపు కింద పెడుతోంది.