పిల్లల నుంచి పుస్తకాలను కాపాడే శాస్త్రం

తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లలకు పఠనాసక్తి కలిగించేందుకు ఏటేటా సాగుతున్న కృషిని నిదానంగా పరిశీలించినవారికి, అందులో పుస్తకానికి తప్ప మిగిలిన అన్నింటికీ సముచిత స్థానం దక్కిందని త్వరలోనే బోధపడుతుంది. బ్యానరు, ర్యాలీ, ప్రతిజ్ఞ, గ్రూపు ఫోటో, సాయంత్రం ఐదులోగా పంపవలసిన నివేదిక పఠనంలో విడదీయరాని భాగాలైపోయాయి. పుస్తకం మాత్రం విలువైన వస్తువు కనుక బీరువాలో ఉంటుంది.

ఈ సువ్యవస్థకు సిద్ధాంతపరంగా అడ్డుతగిలే పెద్దమనిషి ఎస్.ఆర్. రంగనాథన్. గణితం బోధిస్తూ మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వచ్చిచేరిన ఆయన 1931లో వెలువరించిన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాల్లో మొదటిదే పుస్తకాలున్నది వాడుకోవడానికి అని తేల్చిచెప్పింది. ప్రతి పాఠకుడికీ తగిన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తగిన పాఠకుడు దొరకాలనీ, పాఠకుడి కాలం వృథా కాకూడదనీ, గ్రంథాలయం నిత్యం పెరిగేదనీ మిగిలిన నాలుగూ చెబుతాయి. బడి గ్రంథాలయాలు వీటిని తోసిపుచ్చలేదు. పుస్తకాలున్నది లెక్కపెట్టుకోవడానికి అనే ఆరో సూత్రాన్ని చేర్చి, మొదటి అయిదింటినీ దానికి లోబరిచాయి.

ఆరో సూత్రానికి ఆధారగ్రంథం స్టాక్ రిజిస్టరు. బడికి వచ్చిన ప్రతి పుస్తకానికీ అందులో ఒక వరుస సంఖ్య పడుతుంది. ఆ సంఖ్యకు ఎదురుగా పుస్తకం కనిపించకపోతే జవాబు చెప్పవలసినవారు గ్రంథాలయ ఇన్‌చార్జి. ఇన్‌చార్జి అంటే గ్రంథాలయ శాస్త్రంలో శిక్షణ పొందినవారని పొరబడకూడదు. వారానికి రెండు పీరియడ్లు ఖాళీ ఉన్నట్టు స్టాఫ్ మీటింగులో బయటపడిపోయిన తెలుగు టీచరో హిందీ టీచరో ఆ బాధ్యతకు పాత్రులవుతారు. ఏడో తరగతి పిల్లవాడు పుస్తకాన్ని ఇంటికి తీసుకెళ్లినప్పుడు వాడి తమ్ముడు అట్ట చింపితే, ఆ నష్టాన్ని రాసుకోవడానికి రిజిస్టరులో గడి ఉంది. అదే పిల్లవాడు ఆ పుస్తకాన్ని రెండుసార్లు చదివితే ఆ లాభాన్ని రాసుకోవడానికి గడి లేదు. ఈ పరిస్థితిలో తాళంచెవి కొంగున ముడివేసుకున్న టీచరును తప్పుపట్టడం అన్యాయం. ఆమె జీతంలో కోత పడుతుందన్న భయంతో తాళం వేస్తుంది. ఆ భయాన్ని నియమంగా మార్చినవారికి ఏ బీరువాతోనూ పని ఉండదు.

అలాంటి బీరువాలోంచి ఏదైనా ఒక పుస్తకాన్ని తీసిచూస్తే ఆ వ్యవస్థ సాధించిన విజయం ప్రత్యక్షమవుతుంది. మొదటి పేజీలో బడి పేరుతో గుండ్రటి ముద్ర, దాని కింద ఎర్ర సిరాతో సంఖ్య, బొమ్మ ముఖం మీదే పడిన మరో ముద్ర ఉంటాయి. చివరి అట్టకు లోపల అతికించిన తేదీ చీటీ, అంటే పుస్తకం తిరిగి ఇవ్వవలసిన తేదీలను రాసే గళ్ల కాగితం, అచ్చయిననాటి నైర్మల్యంతో ఖాళీగా ఉంటుంది. అట్ట తెరవగానే జిగురు విడిన చప్పుడు వస్తుంది, పుస్తకం పదేళ్ల కిందటిదైనా సరే. సమగ్ర శిక్ష పథకం కింద బడి స్థాయిని బట్టి ఏటా 5,000 నుంచి 20,000 రూపాయల వరకు గ్రంథాలయ నిధికి వీలుంది కాబట్టి బీరువా పక్కన బీరువా చేరడానికి అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో ఈ పుస్తకాలు ఉత్సవ విగ్రహాల్లా బయటికి వచ్చి, దుప్పటి పరిచిన బల్లల మీద కొలువుదీరి, దర్శనమిచ్చి, మళ్లీ లోపలికి వేంచేస్తాయి. ముట్టుకోవద్దన్న హెచ్చరిక పిల్లలకు ముందే అందుతుంది. పుస్తక పఠన ప్రాముఖ్యం మీద వక్తృత్వ పోటీ జరిగేది ఆ బల్లల ముందే; మొదటి బహుమతి, ఆనవాయితీ ప్రకారం, స్టీలు గిన్నె.

చదివించడమంటే ఉత్సవమే కాదు, మూల్యాంకనం కూడా. నిర్మాణాత్మక మూల్యాంకనం (ఎఫ్‌ఏ) అంటే ఏడాది చివరి పరీక్ష కోసం ఆగకుండా, నేర్చుకుంటున్నప్పుడే పిల్లల ప్రగతిని గమనించే పద్ధతి. ఇందులో భాగంగా తెలంగాణ బడుల్లో భాషా సబ్జెక్టులకు పుస్తక సమీక్షను చేర్చి 10 మార్కులు కేటాయించారు. ఆలోచన నిస్సందేహంగా మంచిదే. అయితే మార్కు పుస్తకానికి కాక సమీక్షకు పడుతుందన్న సూక్ష్మాన్ని పన్నెండేళ్ల పిల్లలు పెద్దలకంటే ముందే గ్రహించారు. పుస్తకం పేరు, రచయిత, పాత్రలు, నచ్చిన అంశం, ముగింపు అనే శీర్షికల కింద రాసిపెట్టిన సమీక్షలు యూట్యూబులో దొరుకుతుండగా, మధ్యలో పుస్తకమనే మూడో మనిషి ప్రమేయం అనవసరమైంది. ఒక తరగతిలో నలభై మంది రాసిన నలభై సమీక్షల్లోనూ శైలి సరళంగా, సుందరంగా ఉందనీ, అందరూ చదవదగిన గ్రంథమనీ ఒకే అభిప్రాయం వ్యక్తమవుతుంది. తెలుగు సాహిత్య విమర్శలో ఇంతటి ఏకాభిప్రాయం మునుపెన్నడూ సాధ్యపడలేదు.

ప్రోత్సాహకాల గురించి మనస్తత్వ శాస్త్రం చెప్పిన ఒక మాట ఇక్కడ ఇబ్బందికరంగా తయారైంది. 1973లో అమెరికాలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు, బొమ్మలు గీయడమంటే ఇష్టపడే చిన్నపిల్లల్లో కొందరికి గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి గీయించారు. తరువాత స్వేచ్ఛగా వదిలినప్పుడు ఆ పిల్లలు, ఏ బహుమతీ ఎరగని పిల్లలతో పోలిస్తే, దాదాపు సగం సమయమే బొమ్మలకు కేటాయించారు. ఇష్టంతో చేసే పనికి కూలి ముడిపెడితే ఇష్టం తగ్గుతుందనే ఈ ధోరణిని అతిసమర్థన ప్రభావం అంటారు. బడులు దీనికి సులువైన విరుగుడు కనిపెట్టాయి: ముందుగా ఇష్టం పుట్టకుండా చూసుకుంటే తగ్గడానికి ఏమీ ఉండదు.

పూర్వులకు ఇంతటి జాగ్రత్త తెలియదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడేందుకు మూలపురుషుడైన అయ్యంకి వెంకటరమణయ్య తరం, పుస్తకం జనం దగ్గరికి నడిచిపోవాలని నమ్మింది. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లాలో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద ఏకంగా పడవ గ్రంథాలయాన్నే నడిపారు. నీళ్ల మీద పుస్తకాలు! తడిస్తే ఎవరి జీతంలో కోత వేయాలో తేల్చుకోకుండానే ఊరూరా పంచినవారిని నేటి ఆడిట్ దృష్టితో చూస్తే క్షమించడం కష్టం.

మధ్యమధ్యలో పైనుంచి ఉద్యమాలు దిగుతుంటాయి. 2022 జనవరి 1న కేంద్రం పూర్వ ప్రాథమిక తరగతి అయిన బాలవాటిక నుంచి ఎనిమిదో తరగతి వరకు వంద రోజుల పఠనోద్యమాన్ని ప్రారంభించింది. నూటొకటో రోజున పిల్లలు ఏం చదవాలన్న ప్రశ్న ఏ ఉద్యమ పరిధిలోకీ రాదు. వారానికొక లైబ్రరీ పీరియడ్ టైంటేబుల్లో ఉంటుంది గానీ, ఎఫ్‌ఏ పరీక్షలు దగ్గరపడగానే అది లెక్కల టీచరుకు దఖలుపడుతుంది.

వీటన్నింటినీ మించిన సమన్వయం ఏప్రిల్‌లో కనిపిస్తుంది. ప్రపంచ పుస్తక దినోత్సవం ఏప్రిల్ 23; 2024లో రెండు రాష్ట్రాల బడులకూ చివరి పనిదినం అదే. మర్నాటి నుంచి జూన్ 11 వరకు 49 రోజులు సెలవులు ప్రకటించారు, అంటే హోంవర్కు లేని, స్లిప్‌టెస్టు లేని, ఎండకు ఇల్లు కదలలేని ఏడు వారాలు. ఆ సెలవులకు ముందే బయట ఉన్న నాలుగైదు పుస్తకాలనూ వసూలుచేసి, రిజిస్టరుతో సరిచూసి, నాఫ్తలిన్ ఉండలు వేసి తాళం బిగించడం ఇన్‌చార్జి విధి. కనుక ఆ పుస్తక దినోత్సవం ఉదయం రోజూ ఒక పుస్తకం చదువుతామని చేయిచాచి ప్రతిజ్ఞ చేసిన పిల్లలు, ఆ మధ్యాహ్నమే ప్రోగ్రెస్ కార్డులు తీసుకుని ఖాళీ సంచులతో ఇళ్లకు వెళ్లారు. ప్రతిజ్ఞ ఫోటో మాత్రం సాయంత్రం ఐదుకు ముందే పైకి చేరింది.