పేడనీళ్ల ప్రాణప్రతిష్ఠ

మా ఘంటసాలలో శివుడి పేరు జలధీశ్వరుడు. ఆయనకు ఏడాది పొడుగునా పూజే. చక్కెర మిల్లు వెనక మురుగునీటి తొట్టికి మాత్రం కాలుష్య తనిఖీ అధికారి వచ్చే రోజే పండగ.

ఆ సంబరం చూడాల్సిందే. ముందు రాత్రి, తొట్లోకి గాలి కలిపే ఏరేటర్లకు గ్రీజు పూస్తారు. ట్రాక్టరు పేడ దింపి, చిక్కగా కలిపి తొట్లో పోస్తారు. పైన యూరియా, డీఏపీ అక్షింతలు. తెల్లారేసరికి తొట్టి నురగలు కక్కుతుంది. అధికారి ఆ నురగ చూసి తల పంకిస్తాడు. ఆయన జీపు మలుపు తిరగ్గానే స్విచ్ కట్టేస్తారు. కరెంటు బిల్లు ఊరికే వస్తుందా!

పేడను తప్పుపట్టడం లేదు. చాలా ఊళ్లలో ఆ తొట్టికి విత్తనం అదే. చక్కెర నీళ్లను శుద్ధి చేసేవి అందులోని సూక్ష్మజీవులు. తీపంటే వాటికి ప్రాణం. మురుగును తినడానికి అవి పీల్చే ఆక్సిజన్ లెక్కను బీఓడీ అంటారు. మిల్లు మురుగులో అది లీటరుకు వెయ్యి మిల్లీగ్రాములు దాటుతుంది. కాలువలో కలపాలంటే 30కి దిగాలి. తొట్లో పెట్టని ఆ విందు డ్రెయిన్లో జరుగుతుంది. నీళ్లలో ఉన్న కాస్త ఆక్సిజనూ సూక్ష్మజీవులే పీల్చేస్తే చేపలు వెల్లకిలా తేలతాయి.

హాలెండులో లెట్టింగా అనే పెద్దమనిషి 1970ల్లో బీటు చక్కెర ఫ్యాక్టరీ మురుగునే గాలి తగలని తొట్లో అడుగు నుంచి పైకి పారించి, వంటగ్యాసులాంటి మీథేన్ పిండాడు. మనవాళ్లు అదే మురుగులోంచి ‘అంతా సవ్యం’ అనే కాగితం పిండుతున్నారు. ఎవరి విజ్ఞానం వారిది.

చట్టానికి మాత్రం జీవి సంగతి తెలుసు. క్రషింగ్‌కు నెల ముందే శుద్ధి ప్లాంటును నిలకడకు తేవాలనీ, సీజన్ అయ్యాక మరో నెల నడపాలనీ, టన్ను చెరకుకు 200 లీటర్లకు మించి మురుగు వదలకూడదనీ 2016లో కేంద్రం రాసింది. నెలల తరబడి పస్తున్న జీవి ఒక్క రాత్రి పేడతో లేచి కూర్చోదు మరి.

1974లో పార్లమెంటు నీటి కాలుష్య చట్టం చేసింది. అదే ఏడు మన చల్లపల్లి షుగర్స్ కేసులో సుప్రీంకోర్టు, యంత్రం కొన్న అప్పుకు ఉత్పత్తి మొదలుకాక ముందు కట్టిన వడ్డీ కూడా యంత్రం ఖరీదులో భాగమేనంది. రెండోది ఆడిటర్లకు కంఠతా వచ్చు. (చల్లపల్లి పేరు కోర్టు తీర్పు కోసమే తెచ్చాను, మిగతా కథ భుజాలు తడుముకునేవాళ్లది.) తొట్టి కట్టిన సిమెంటుకు తరుగుదల రాసుకోవచ్చు. అందులో చచ్చిన జీవులకు ఏ చిట్టాలోనూ గడి లేదు.

ఈ సీజన్లో మీ ఊరి మిల్లు వైపు వెళ్తే గేటు దగ్గర ఆగకండి. తెల్లవారుజామున మూడింటికి వెనక గోడ పక్కన నిలబడి చెవి ఒగ్గండి. ఏరేటర్ తిరుగుతున్న చప్పుడు వినబడితే నన్ను తిట్టండి. వినబడకపోతే ఆ ఉదయం డ్రెయిన్లో వల వేయకండి.