గొలుసు పట్టేవాడి గోడు

మా ఇంట్లో మనుషులకు పేర్లు పెట్టినప్పుడు ఎన్నడూ గొడవ జరగలేదు. నాకు మా తాతగారి పేరు పెట్టారు. మా అబ్బాయికి మా నాన్నగారి పేరు పెట్టి, కాలానికి తగ్గట్టు వెనకాల ఓ 'తేజ' తగిలించాం. అమ్మాయికి మా అత్తగారి ఇలవేల్పు పేరు వచ్చింది. ఎవరూ ఎవర్నీ సలహా అడగలేదు, ఎవరూ అలగలేదు. చిక్కంతా వేసవిలో ఇంటికొచ్చిన కుక్కపిల్లతోనే వచ్చింది. దాని తాతగారెవరో ఎవరికీ తెలియదు.

రాజమహేంద్రవరంలో మా సందు మొదట్లో ఒక ఇస్త్రీ బండి ఉంది. ఆ బండి కింద పుట్టిన పిల్లల్లో ఇదొకటి. మా అమ్మాయి ఓ సాయంత్రం చున్నీలో చుట్టుకుని తెచ్చేసింది. వీపు నలుపు, పొట్ట తెలుపు. ఒక చెవి నలుపు, రెండోది తెలుపు. తోక మొదలంతా నల్లగా ఉండి, కొస మాత్రం సున్నంలో ముంచి తీసినట్టు ఉంటుంది. ఇంత స్పష్టమైన రంగులున్న ప్రాణికి పేరు పెట్టడం అరనిమిషం పనేనని ఎవరైనా అనుకుంటారు. అనుకోవడానికి డబ్బులు ఖర్చు కావు.

మొదటి ప్రతిపాదన మా అబ్బాయిది. ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఫోన్‌లోంచి తలెత్తకుండానే "ఓరియో" అన్నాడు. నల్ల బిళ్లల మధ్య తెల్ల క్రీము పెట్టిన ఆ బిస్కట్ అమెరికాలో 1912లో పుట్టింది, మన దుకాణాల్లోకి 2011లో వచ్చింది. వచ్చీ రాగానే నలుపూ తెలుపూ కుక్కల మీద హక్కులన్నీ రాయించేసుకుంది. మా వెనక వీధిలో ఒక ఓరియో ఉంది. పార్కు దగ్గర ఇంకొకటి. పొద్దున్నే నేను ఆ పేరు కేకేస్తే మూడు వైపుల నుంచి మూడు కుక్కలు వస్తాయి, అందులో ఒకటి కరిచే రకం. పైగా ఓ కంపెనీ సరుకు పేరు వీధివీధినా ఊరికే అరిచి పెట్టినందుకు వాళ్లు నాకేమన్నా ముట్టజెబుతారా అని అడిగాను. "నాన్నా, నువ్వు మరీనూ" అన్నాడు. ఈ ఇంట్లో నా వాదనలకు వచ్చే జవాబు ఎప్పుడూ అదే.

అమ్మాయి పట్టు స్నూపీ మీద. చార్లెస్ షుల్జ్ 1950లో మొదలుపెట్టిన బొమ్మల కథలోని కుక్క అది. షుల్జ్ చిన్నప్పుడు వాళ్లింట్లో నలుపూ తెలుపూ కుక్కే ఉండేదనీ, స్నూపీ పుట్టుకకు అదే మూలమనీ, 1969లో అపోలో 10 వాళ్లు చంద్రుడి దగ్గరికి తీసుకెళ్లిన చిన్న వాహనానికి కూడా స్నూపీ అనే పేరు పెట్టారనీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. నేనూ ఊరుకోలేదు. షుల్జ్ గారింటి కుక్క పేరు స్పైక్, స్నూపీ కాదు. ఆ వాహనమేమో చంద్రుడికి పదిహేను కిలోమీటర్ల చేరువ దాకా దిగి, నేల తాకకుండా వెనక్కి వచ్చేసింది. ముందే అలా అనుకుని వెళ్లారట. దొంగ వెనక గేటు దాకా పరుగెత్తి, అక్కడ ఆగి, తిరిగొచ్చే కుక్కకయితే ఆ పేరు బాగా నప్పుతుందన్నాను. అమ్మాయి ఆ పూట అన్నం తినలేదు. నూడుల్స్ తింది.

మా ఆవిడకు పుట్టింటి సంప్రదాయం ఒకటుంది. వాళ్లింట్లో కుక్క అంటే జిమ్మీయే. ఒక జిమ్మీ పోతే ఇంకో జిమ్మీ వచ్చేది. 1947లో దొరలు మూటాముల్లె సర్దుకుపోయారు గానీ టామీ, జిమ్మీ, సీజర్, టైగర్ మన వాకిళ్లలోనే ఉండిపోయారు. టామీ అన్నది అప్పట్లో ఇంగ్లిషు సిపాయికి వాడుకపేరు. మన పెద్దలు అది తెలిసి కుక్కకు పెట్టారో, తెలియక పెట్టారో గానీ వింటే కడుపు చల్లగా ఉంటుంది. ఈ మాటే అన్నాను. "అయితే మీరే ఓ తెలుగు పేరు చెప్పండి" అంది. రాజు అన్నాను. వాళ్ల పెదనాన్నగారి అబ్బాయి పేరట. రాము? కింది వాటావాళ్ల అల్లుడట. చిట్టి, బుజ్జి, చిన్ని, బాబి, లక్కీ, వీటిలో ఒక్కో పేరుకు బంధువుల్లో తక్కువలో తక్కువ ఇద్దరేసి తేలారు. బన్నీ, చెర్రీ అందామంటే ఆ ముద్దుపేర్లున్న సినిమా హీరోలిద్దరికీ ఊరూరా అభిమాన సంఘాలున్నాయి. మనవాళ్లు బడి రికార్డుల్లో వేంకట సత్యసూర్యనారాయణ అని రాయించి, ఇంట్లో పిలుచుకోవడానికి కుక్కలకు దక్కాల్సిన చిన్నచిన్న పేర్లన్నీ ముందుగానే వాడేసుకున్నారు. కుక్కలు కోర్టుకెక్కలేవు కాబట్టి సరిపోయింది.

మా అమ్మకు ఈ గోలేమీ పట్టలేదు. పుట్టిన జీవికి నక్షత్రాన్ని బట్టి పేరుండాలంది. ఇస్త్రీ అబ్బాయిని పిలిపించి పుట్టిన రోజూ వేళా రాబట్టింది. ఆ పూట బొగ్గులు తడిసిపోయాయి గనుక అతనికి బాగా గుర్తుందట. పంచాంగం తీసి, వేళ్ల మీద లెక్క కట్టి, ఆరుద్ర నక్షత్రం మూడో పాదం అని తేల్చింది. ఆరుద్ర నాలుగు పాదాలకూ వరసగా కు, ఘ, ఙ, ఛ. మూడో పాదానికి ఙ. ఆ అక్షరం వర్ణమాలలో ఉండటమే గానీ, పలక వదిలేశాక దాని మొహం చూసినవాళ్లు లేరు. మా పురోహితులవారిని అడిగితే ఆయన కూడా కాస్త దగ్గి, మొదటి పాదం 'కు'తో సరిపెట్టుకోమన్నారు. "అలాగైతే కుక్క అనే పెట్టేద్దాం" అన్నాడు మావాడు. ఆ రాత్రి వరండాలో ఒంటరిగా కట్టేస్తే కుక్కపిల్ల ముక్కుతో సన్నగా "ఙ... ఙ..." అని ఏడ్చింది. ఇంటిల్లిపాదిలో ఆ అక్షరాన్ని తప్పులేకుండా పలికింది అదొక్కటే.

నక్షత్రం కలిసిరాక పురాణాల్లోకి దిగాం. కుక్క కాలభైరవుడి వాహనం కదా, భైరవ అందామన్నాను. చెప్పులు కొరికినప్పుడల్లా "ఛీ భైరవా" అనాల్సి వస్తుందని అమ్మ చెవులు మూసుకుంది. ఎదురింటి తెలుగు మాస్టారు వచ్చి, వేదంలో యముడికి శ్యామం, శబలం అని రెండు కుక్కలున్నాయి, ఒకటి నల్లది, ఒకటి మచ్చలది, మీకు రెండూ ఒకదాంట్లోనే దొరికాయని సంబరపడ్డారు. "ఈ వయసులో నా గుమ్మంలో యముడి కుక్కను పేరు పెట్టి పిలుస్తార్రా?" అని అమ్మ మా అందరి వైపూ చూసి లోపలికి వెళ్లిపోయింది.

మాస్టారు పట్టు విడవలేదు. నన్నయగారి ఆదిపర్వం మొదట్లోనే దేవతల కుక్క సరమ కథ ఉంది. యజ్ఞం దగ్గర జనమేజయుడి తమ్ముళ్లు తన పిల్లను అన్యాయంగా కొట్టారని నేరుగా రాజుగారి దగ్గరికే వెళ్లి నిలదీసింది. ఆ పిల్లకు మాత్రం సొంత పేరు లేదు, తల్లిని బట్టి సారమేయుడు అన్నారంతే. మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట చివరి దాకా నడిచిన కుక్కకైతే పేరే లేదు. దాన్ని వదిలి స్వర్గానికి రానని ఇంద్రుడితో వాదించిన మనిషి, దాన్ని ఏమని పిలిచేవాడో మాత్రం ఎక్కడా చెప్పలేదు. ఆలోచిస్తే ఆ దారిలో ఇంత ప్రశాంతత ఎలా కుదిరిందో తెలుస్తోంది. అభిప్రాయాలు చెప్పగలిగినవాళ్లందరూ అప్పటికే ఒక్కొక్కరుగా పడిపోయారు.

మా అదృష్టం అలాంటిది కాదు. మా బాబాయి పాత సినిమాల మనిషి. నలుపూ తెలుపూ అనగానే 1957 నాటి మాయాబజార్ గుర్తొచ్చి చిన్నమయ, లంబు, జంబు అంటూ పాత్రలన్నీ వల్లించాడు. "దానికి 2010లో రంగులద్దేశారు బాబాయ్, ఇక ఆ కారణం చెల్లదు" అన్నాను. కుక్కకు రంగులద్దే రోజు వచ్చేదాకా చెల్లుతుందన్నాడు. భీమవరం నుంచి వచ్చిన మా బావమరిది, "రంగును బట్టి పేరు పెట్టడం మా దగ్గర నేర్చుకోవాలి బావగారూ" అని మొదలెట్టాడు. అబద్ధం కాదు. అక్కడ పందెం కోడికి ఈక రంగే పేరు. నల్లదయితే కాకి, తెల్లదయితే సేతువ, ఎర్రదయితే డేగ. ఏ రంగు కోడి ఏ రోజు నెగ్గుతుందో చెప్పే కుక్కుట శాస్త్రమే ఉంది. మరి కాకీ సేతువా కలిసిన దీన్ని ఏమనాలి అంటే, "పేరుదేముంది బావగారూ, ముందు దీన్ని దేని మీదికి దింపుతున్నారు?" అన్నాడు. కింది వాటాలో ఉండే స్థలాల వ్యాపారి కుక్క చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "వైటు తక్కువ, బ్లాకు ఎక్కువ. దీని పేరు రిజిస్ట్రేషన్ అండీ" అన్నాడు. వచ్చిన పేర్లన్నిటిలోకి నాకు నిజాయితీగా వినిపించింది అదే. కానీ ఆదాయపు పన్ను ఆఫీసులో పనిచేసేవాళ్లు మా వీధిలో ఉన్నారు.

ఇంటి పెద్దగా నేనూ ఒక పేరు ప్రతిపాదించాను. చిన్నప్పుడు మా ఇంట్లో గ్రామఫోన్ ఉండేది. బాకా ముందు చెవి ఒగ్గి కూర్చున్న కుక్క బొమ్మ రికార్డుల మీద ఉండేది. ఆ కుక్క కల్పితం కాదు. ఇంగ్లండులో బ్రిస్టల్‌లో పుట్టింది, పేరు నిప్పర్. ఒళ్లు తెలుపు, చెవులు ముదురు రంగు. ఇంటికొచ్చినవాళ్ల కాళ్లు పట్టి పీకేది గనుక ఆ పేరొచ్చింది. అది 1895లో పోయాక, దాన్ని పెంచిన చిత్రకారుడు గీసిన బొమ్మను 1899లో గ్రామఫోన్ కంపెనీ కొనుక్కుంది. లైకా సంగతీ అంతే. మాస్కో వీధుల్లో దొరికిన ఆ కుక్కకు ముందు ఉంగరాల బొచ్చును చూసి కుద్ర్యావ్కా అని పెట్టారు. 1957 నవంబరు 3న అంతరిక్షానికి వెళ్లేనాటికి మొరిగే కుక్కగా, లైకాగా లోకానికి తెలిసింది. బొచ్చును బట్టి పెట్టింది పోయింది, బుద్ధిని బట్టి పెట్టింది నిలిచింది. మా కుక్క కూడా వచ్చినవాళ్ల మడమలు వదలదు కాబట్టి నిప్పర్ అన్నాను. మా ఆవిడకు అందులో నిప్పు వినిపించింది, అమ్మకు అపశకునం వినిపించింది.

అసలు నా ఫిర్యాదు ఇదీ. పేరు కుక్కది కాదు, పిలిచేవాడిది. తెల్లవారుజామున గోదావరి గట్టు మీద, నడకకొచ్చిన పెద్దమనుషుల మధ్య, గొలుసు విడిపించుకుని పరుగెత్తే కుక్క వెనకాల అరవాల్సింది నేను. శిక్షణ ఇచ్చేవాళ్లు కొన్ని నియమాలు చెబుతారు. పేరు పొట్టిగా ఉండాలి, రెండు అక్షరాలు చాలు. 'నో', 'సిట్' లాంటి ఆజ్ఞలకు దగ్గరగా ఉండకూడదు. వాటికి నేనొకటి చేరుస్తున్నాను. యాభై దాటిన మనిషి, లుంగీలో ఉండగా, పాత పై అధికారి ఎదురుపడినా సిగ్గుపడకుండా అరవగలిగేదై ఉండాలి. స్నూపీ అలాంటిది కాదు. నేర్చుకోవడంలో కుక్కల వైపు లోపమేమీ లేదు. అమెరికాలో ఛేజర్ అనే బోర్డర్ కోలీ, అదీ నలుపూ తెలుపూదే, 1,022 ఆటవస్తువుల పేర్లు నేర్చుకుందని 2011లో దాన్ని పెంచిన శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఒక్క పేరు మీద నిలబడలేకపోతున్నది మా ఇంటి మనుషులు.

ఈలోగా జూలై 6 వచ్చింది. 1885లో ఆ రోజునే లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల పిల్లవాడికి రేబిస్ టీకా ఇవ్వడం మొదలుపెట్టాడు. దానికి గుర్తుగా మన పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఆ టీకా ఉచితంగా వేస్తారు. ఉచితం అనేసరికి ఇంటిల్లిపాదీ వెంట వచ్చారు. కార్డులో పేరు గడి దగ్గర కాంపౌండర్ గారి పెన్ను ఆగగానే నోటికొక పేరు పడింది. ఆయన అనుభవం ఉన్నవారు. ఆ గడి ఖాళీగా వదిలి, కింది గడికి దిగి, "యజమాని పేరు?" అన్నారు. అక్కడ మాత్రం మా కుటుంబంలో ఎన్నడూ చూడని ఐకమత్యం కనిపించింది. నా పేరు, ఇంటిపేరు, ఫోన్ నంబరు అందరూ ఒక్క గొంతుతో అప్పజెప్పారు.

ఇంటికి రాగానే గొలుసు మేకుకు తగిలించి ఒక ప్రకటన చేశాను. ఎవరు చెప్పిన పేరు ఖాయమైతే రోజూ పొద్దున ఐదింటికి వాళ్లే కుక్కను తిప్పాలి. గంటలోపే నామినేషన్ల ఉపసంహరణ పూర్తయింది. అబ్బాయికి పరీక్షలు, అమ్మాయికి ట్యూషన్, మా ఆవిడకు టిఫిన్ల వేళ, బాబాయికి మోకాళ్లు. బావమరిది భీమవరం బస్సెక్కేశాడు. బరిలో నేనొక్కణ్ణే మిగిలాను. నిప్పర్ ఏకగ్రీవంగా నెగ్గింది. కార్డు గడిలో నా చేత్తో నేనే రాసుకున్నాను.

ఫలితాన్ని మాత్రం ఇంట్లో ఎవరూ గుర్తించలేదు. పెరుగన్నం గిన్నెతో మా ఆవిడ జిమ్మీ అంటుంది, తోకాడిస్తూ వస్తుంది. అబ్బాయి ఓరియో అన్నా వస్తుంది, అమ్మాయి స్నూపీ అన్నా వస్తుంది. స్నానానికీ సూదిమందుకీ పిలిచేవాణ్ణి నేనే గనుక, నిప్పర్ అన్న మాట చెవిన పడితే మంచం కిందికి దూరుతుంది. రికార్డులో ఉన్నదానికి ఇంట్లో ఎంత విలువ ఉంటుందో నాకేమీ కొత్త కాదు. ఆ కార్డులోనే యజమాని గడిలో ఉన్నది నేనే కదా.