నేరేడిగొండ సూత్రభాష్యము

మూలము: "కుంటాలకైతే బండి పోతది, గాయత్రికైతే నడువాలె సార్."

అవతారిక: ఆదిలాబాదు జిల్లా నేరేడిగొండలో, 44వ జాతీయ రహదారి ప్రక్కనున్న చాయ దుకాణమున, జలపాతదర్శనాభిలాషియై హైదరాబాదునుండి వచ్చిన యొక జిజ్ఞాసువునకు దుకాణదారు గ్లాసులు కడుగుచు, తల యెత్తకయే యుపదేశించిన సూత్రమిది. బేరము వేళ యగుటచే నల్పాక్షరమైనది.

ప్రతిపదార్థము: కుంటాలకు = కడెము నది 45 మీటర్ల యెత్తునుండి దుముకునదియు, శివరాత్రికి సోమేశ్వరస్వామి భక్తులతో నిండునదియు నగు ప్రసిద్ధజలపాతమునకు; ఐతే = పోదలచినచో; బండి = తమ కారు; పోతది = పోవును; గాయత్రికి = అదే కడెము నదిపై, తర్నం గ్రామము చేరువ నడవిలో నణగియున్న జలపాతమునకు; ఐతే = పూర్వమువలెనే; నడువాలె = నడువవలెను; సార్ = ఓ నగరవాసీ!

వ్యాఖ్య: 'బండి పోతది' యనుటచే ప్రసిద్ధికి హేతువు చెప్పబడెను. ఔన్నత్యమే హేతువని కొందరందురు. అది నిలువదు, ఏలన, బోథ్ దిక్కుననున్న పొచ్చెర జలపాతము సుమారు 20 మీటర్లదే యయ్యును, బాట యనుకూలముగా నుండుటచే జనాదరణము పొందుచునే యున్నది. కావున, పొగను జూచి నిప్పు నూహించు తార్కికుని మార్గముననే, మక్కకంకులు కాల్చు పొగ కనబడినచోట కారు పోవు బాటయు, ఆ బాట వెంట ప్రసిద్ధియు నుండునని యనుమానింపదగును. గాయత్రి త్రోవలో పొగ లేదు.

'నడువాలె' యను విధియందు దూరము చెప్పబడలేదు. అడిగినచో "గిదే, దగ్గర్నే" యని వచ్చు ప్రత్యుత్తరము, చెప్పువాని కాళ్ల కొలతయే కాని వినువాని కాళ్లది కాదు. పత్తిచేల గట్లవెంబడి పోవు నా బాటలో నల్లరేగడి, శ్రావణ భాద్రపదములందు, ఒక్కొక్క యడుగునకు నొక్కొక్క ముద్దగా బూట్ల నంటుకొని, పథికుని తెలియకుండగనే కొంత పొడవు చేయును. నీరు నిండుగా నున్నపుడు బురదయు నిండుగానే యుండును. బురద యెండి బాట సుగమమగు వేసవికి ధార సన్నగిలును. ఈ విరోధమునకు ఆశ్వయుజ కార్తీకములే పరిహారమని మా నిర్ణయము. చేలు దాటి టేకుచెట్ల నీడకు చేరిన పిమ్మట నది కనబడకమున్నే వినబడును. అట నుండి బండలు పట్టుకొని లోయలోనికి దిగువాడు, తాను చదివిన శాస్త్రములన్నియు మఱచి, చేతులును నడకకే పుట్టినవని గ్రహించును.

'సార్' అనునది కేవలసంబోధనము కాదు. అది యెదుటివాని తెల్లని బూట్లవైపు చూచుచు పలుకబడినది గనుక, ఇందు ధ్వని కలదు.

"నది యొక్కటియే కదా, నీరును అదియే కదా, ఈ శ్రమ మేల?" అని పూర్వపక్షము. ఈ ప్రశ్న వేయువాడు కుంటాలకే పోవుట మేలు. అందు దోషము లేదు, ఆ జలపాతము నిజముగా చూడదగినదే.

'గుండములో దిగరాదు' అను నిషేధము మూలమున లేకున్నను రెండు వాక్యములందును అధ్యాహారము చేసికొనవలెను. పాచిబండకు పాండిత్యముతో పనిలేదు.

తాత్పర్యము: నేరేడిగొండలో మంచినీళ్లు నింపుకొని, తర్నం ఊరివాని నొకని తోడు పిలుచుకొని, అతడు పొమ్మన్న త్రోవను పోయి, రమ్మన్నవేళకు రావలెను. బండిని ఊరిలోనే విడువవలెను; ఈ యంశమున పాఠాంతరములు లేవు.